పదో పోగు

1946 ఆగస్టు 1, గురువారం. ఉదయం 4:30

లేచాను! నిజంగా లేచాను!

ఈ రోజు నుంచి నా జీవితం వేరు. నిన్న ప్రొఫెసర్ గారి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. నాలుగుసార్లు చదివాను. సారాంశం: "తమరు రాయదలచిన అంశం చరిత్ర శాఖకు చెందదు. గణిత శాఖకు అంతకన్నా చెందదు. సంగీతం వారు మాకు సంబంధం లేదన్నారు. కాబట్టి ఏ మార్గదర్శకుడూ లేకుండా, సొంతంగా వంద పేజీలు రాసి అక్టోబరు నెలాఖరులోగా పంపితే, పరిశోధక విద్యార్థిగా తీసుకునేదీ లేనిదీ ఆలోచిస్తాం. తెలుగులో రాసినా ఫర్వాలేదు, తర్వాత ఇంగ్లీషు చేయించవచ్చు."

నా అంశం: "మగ్గం – చరిత్ర, గణితం, సంగీతాల సంగమం." ఇంతవరకూ ఎవరూ రాయలేదు. ఎవరూ రాయకపోవటానికి కారణం ఎవరికీ తోచకపోవటమే.

నాన్నకు చెప్పాను. వన్‌టౌన్‌లో మా చీరల టోకు కొట్టు ఆయన ముప్పై ఏళ్లుగా నడుపుతున్నారు. నేను బి.ఏ. పాసైన దగ్గర నుంచీ కొట్లో గద్దె మీద నన్ను కూర్చోబెట్టాలని చూస్తున్నారు.

"ఏ శాఖరా అది?" అన్నారు.

"ఏ శాఖా కాదు నాన్నా. అన్నీ కలిపి."

"అన్నీ అమ్మే కొట్లో ఏదీ నాణ్యంగా ఉండదురా," అన్నారు. తర్వాత కాస్త ఆలోచించి, "విజయదశమి నాటికి వంద పేజీలు నా చేతిలో పెట్టు. యూనివర్సిటీకి నేనే రైలెక్కిస్తా. పెట్టలేకపోయావా, ఆ రోజే ముహూర్తం చూసి గద్దె మీద కూర్చో. మళ్లీ ఈ ఊసెత్తకూడదు," అన్నారు.

ఒప్పుకున్నాను. అరవై ఆరు రోజులు, వంద పేజీలు. రోజుకు ఒకటిన్నర పేజీ! ఇదీ ఒక పనేనా!

దినచర్య:
4:30 – లేవటం
5 నుంచి 8 – రాయటం
8 నుంచి 9 – స్నానం, పలహారం
9 నుంచి 1 – లైబ్రరీ
2 నుంచి 6 – రాయటం
6 తర్వాత – రాసింది దిద్దటం

పగటి నిద్ర రద్దు. పేకాట రద్దు. కాఫీ రోజుకు ఒక్కటే.

ఆగస్టు 3

రబ్బరు స్టాంపు చేయించాను. "కె. మార్కండేయులు, బి.ఏ., పరిశోధకుడు, వన్‌టౌన్, బెజవాడ." ప్రతి పేజీ కింద వేస్తాను. వంద తెల్ల కాగితాల మీదా ముందే వేసి పెట్టాను. సాయంత్రం దాకా పట్టింది. పని మొదలైనట్టే లెక్క.

కాగితం దొరకటమే గగనంగా ఉంది. వెంకటప్పయ్య గారు, అంటే మా కొట్టు గుమస్తా, చీరల మడతల్లో పెట్టటానికే కాగితం లేక పాత క్యాలెండర్లు చింపుతున్నారు. అయినా నేను ఒక వైపే రాస్తాను. పరిశోధకులందరూ ఒక వైపే రాస్తారు.

ఆగస్టు 7

మా ఆవిడ శివపార్వతి ఫిర్యాదు చేసింది. "మీరు నాలుగున్నరకు లేచి, నన్ను లేపి, కాఫీ తాగి, మళ్లీ పడుకుంటున్నారు. మధ్యలో నేనెందుకండీ?"

నేను పడుకోవటం లేదు. కళ్లు మూసుకుని ఆలోచిస్తున్నాను. ఆవిడకు పరిశోధన అంటే తెలియదు.

ఆగస్టు 11

కృష్ణకు వరదొచ్చింది! ఊరంతా ఆనకట్ట దగ్గరే. నేనూ వెళ్లాను. ముందు కాస్త బాధపడ్డాను, పని పోతోందే అని. తర్వాత తట్టింది. నా అంశం ఏ ఒక్క శాఖకూ చెందదు కదా! నీరు, ప్రత్తి, నూలు, మగ్గం, అంతా ఒకటే వరస. కాబట్టి వరద చూడటం భూగోళ పరిశోధన. వస్తూ కాఫీ హోటల్లో రెండు పెసరట్లు తినటం ఆర్థికశాస్త్రం. సాయంత్రం ఆట సినిమా లలితకళ.

ఎంత విశాలమైన అంశం ఎన్నుకున్నాను! ఏం చేసినా అందులోకే వస్తుంది.

ఆగస్టు 25

రెండు వారాలు డైరీ రాయలేదు. ఎండ. తర్వాత వాన. తర్వాత బావమరిది వచ్చాడు. తర్వాత చెయ్యి నొప్పి.

ఇప్పటిదాకా రాసినవి:
1. శీర్షిక పేజీ
2. అంకితం
3. కృతజ్ఞతలు
4. విషయసూచిక

నాలుగు పేజీలు! పునాది బలంగా పడింది. రేపు క్షేత్ర పరిశీలన. పెడన వెళ్తున్నాను, మగ్గాలు చూడటానికి. మా తాత నేసిన ఊరు. ఆ వీధిలో అడుగుపెడితే ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడే వినిపిస్తుంది. ఆ చప్పుళ్ల కాలమానం గడియారం పెట్టి నమోదు చేయాలి.

ఆగస్టు 26, సోమవారం

పొద్దున్నే బండెక్కి పెడనలో దిగాను. గడియారం, పెన్సిలు, కొత్త నోటుబుక్కు. వీధిలో చప్పుడు లేదు. అరుగుల మీద మగవాళ్లు పేకాడుకుంటున్నారు. ఆడవాళ్లు తలలు దువ్వుకుంటున్నారు.

ఒక పెద్దాయనను, పేరు బసవయ్యట, అడిగాను. "మగ్గాలన్నీ ఏమయ్యాయండీ?"

ఆయన ముక్క వేసి, తీరిగ్గా నన్ను చూశాడు. "అమావాస్య నాడు మగ్గం ఎక్కేదెవరండీ? తమరిదేవూరు?"

"ఈ ఊరేనండి. మా తాత ఈ వీధిలోనే నేసేవారు."

నలుగురూ పేకముక్కలు కింద పెట్టి మరీ నవ్వారు. తర్వాత మజ్జిగ ఇచ్చారు. సాయంత్రం బండిలో తిరిగొచ్చాను.

ఇంట్లో నాయనమ్మ తమలపాకులు తుడుచుకుంటోంది. నాయనమ్మ పేరు చౌడేశ్వరమ్మ. పెడనలో పెళ్లయి, అక్కడే పాతికేళ్లు నూలు పని చేసి, తర్వాత నాన్నతో బెజవాడ వచ్చింది. సంగతి విని బోసినోటితో ఒకటే నవ్వు.

"నేతోడి మనవడివి, అమావాస్య నాడు మగ్గం చూట్టానికెళ్లావా! ఎల్లేముందు నన్నొక్క మాట అడగలేకపోయావురా?"

నిజమే. అడగవచ్చు. కానీ పరిశోధనలో ఇంట్లో వాళ్లను అడగటం ఉంటుందా?

ఆగస్టు 27

మిగిలింది ముప్పై తొమ్మిది రోజులు. రాయవలసినవి తొంభై ఆరు పేజీలు. రోజుకు రెండున్నర. ఫర్వాలేదు. నాలుగున్నరకు లేవటం శాస్త్రీయం కాదు. ఆరున్నరకు మార్చాను.

సెప్టెంబరు 3

ఈ తేదీ బంగారు అక్షరాలతో రాయాలి!

నాయనమ్మను అడిగాను, పనిలో పాటలేమైనా ఉండేవా అని. ఉండేవట! పడుగు చేసేటప్పుడు, అంటే చీర నిలువు పోగులు సిద్ధం చేసేటప్పుడు, వీధి పొడవునా పుల్లలు పాతి, ఆడవాళ్లు వాటి చుట్టూ నూలు పట్టుకుని నడిచేవారట. లెక్క తప్పకుండా పాడుకునేవారట.

"పాడు నాయనమ్మా!"

"కూచుంటే రాదురా. నడవాలి."

పెరట్లో రెండు స్తంభాల మధ్య నడిచింది. చెయ్యి గాలిలో నూలు పట్టుకున్నట్టే ఉంది. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి, మోకాళ్ల నొప్పులు. గొంతు మాత్రం గట్టిగా వచ్చింది.

ఒకటో పోగు ఊరమ్మకి
రెండో పోగు రేవుకి
మూడో పోగు ముత్తవ్వకి
నాలుగో పోగు నట్టింటికి…

అలా ఎనిమిదో పోగు ఎద్దుకి, తొమ్మిదో పోగు తోడికోడలికి. అక్కడ ఆగింది. స్తంభం పట్టుకుంది.

"ఇంకోటుందిరా. పదోది. నోటిదాకా వచ్చి ఆగిపోతోంది…"

"చాలు నాయనమ్మా, కూర్చో!" అన్నాను. నా ఒళ్లు పులకరించింది. తొమ్మిది! తొమ్మిదితో పాట ఆగుతుంది! నవగ్రహాలు. నవరత్నాలు. నవధాన్యాలు. అంకెల్లో తొమ్మిదే ఆఖరు. అంటే మన నేతగత్తెలకు సంఖ్యాశాస్త్ర రహస్యం తెలుసు! చరిత్ర, గణితం, సంగీతం మూడూ ఒక్క చోట కలిశాయి. నా థీసిస్ దొరికింది!

నాయనమ్మ ఇంకా ఏదో గొణుక్కుంటోంది. నేను వినిపించుకోలేదు. కలం వెతుక్కున్నాను.

సెప్టెంబరు 12

ముప్పై ఒక్క పేజీలు!!

అయిదు నుంచి పదహారు దాకా: సృష్ట్యాది నుంచి మగ్గం చరిత్ర. పదిహేడు నుంచి ముప్పై ఒకటి దాకా: తొమ్మిదో పోగు సిద్ధాంతం. ఇరవై మూడో పేజీ రాస్తుంటే నాకే కన్నీళ్లు వచ్చాయి.

శివపార్వతి చదివింది. "బాగుందండీ. కానీ నాయనమ్మగారు ఇంకోటుందన్నారుగా?"

"ఆవిడకు వయసైపోయింది."

"వయసైపోతే ఉన్నది మర్చిపోతారు గానీ, లేనిది ఎలా ఉందంటారు?"

ఆడవాళ్లతో సిద్ధాంత చర్చ వద్దు. మిగిలింది ఇరవై మూడు రోజులు, అరవై తొమ్మిది పేజీలు. సరిగ్గా రోజుకు మూడు. ఇది కూడా తొమ్మిదికి సంబంధించిందే!

సెప్టెంబరు 18

దసరా చుట్టాలు అప్పుడే మొదలయ్యారు. కొండ మీద అమ్మవారిని చూడటానికి ప్రతి ఏడూ మా ఇల్లే సత్రం. నా బల్ల మీద పిల్లలకు స్నానాలు చేయించి తలలు తుడుస్తున్నారు. థీసిస్ మొత్తం పట్టుకుని కొట్టు పై అటకకు చేరాను. చీరల మూటల మధ్య ప్రశాంతంగా ఉంది.

బాగా నిద్ర పట్టింది.

సెప్టెంబరు 23

నలభై ఒక్క పేజీలు. ఇంకా పన్నెండు రోజులు, యాభై తొమ్మిది పేజీలు. రోజుకు అయిదు. అక్షరాలు కొంచెం పెద్దవి చేశాను. పేరాల మధ్య జాగా వదులుతున్నాను. చదివేవాళ్లకు గాలి ఆడాలి కదా.

తల నొప్పిగా ఉంది. రెండు రోజులు విశ్రాంతి తీసుకుని, నవరాత్రి మొదటి రోజున అమ్మవారి పేరు చెప్పి విజృంభిస్తాను.

సెప్టెంబరు 26. ఉదయం 10:15

అటకెక్కాను. థీసిస్ లేదు.

10:20. మూటల కింద లేదు. మూటల వెనక లేదు.

10:40. రాయకుండా మిగిలిన కాగితాలు ఉన్నాయి. రాసినవి లేవు.

11:00. వెంకటప్పయ్య గారిని అడిగాను.

"అవాండీ చిన్నబాబుగారూ? చీరల్లో పెట్టేశానండి."

"చీరల్లో?"

"మడతల్లోనండి. మొన్న సరుకు పంపే హడావిడి, కాగితం చూస్తే ఒక్క ముక్క లేదు. అటక మీద కట్ట కనపడింది. ఒక వైపే వాడారు కదండీ, రెండో వైపు మల్లెపువ్వులా ఉంది. తెల్ల వైపు పైకి పెట్టాను. చాలా నిండుగా వచ్చిందండి సరుకు."

"రాయనివి పక్కనే ఉన్నాయి కదండీ!"

"అవి కొత్తవండీ! తమరికి పనికొస్తాయని ముట్టుకోలేదు."

ఆయన్ను ఏమనను? ముప్పై ఏళ్లుగా చీర మడతలో కాగితం పెట్టటమే ఆయన ఉద్యోగం. కొనేవాళ్లు విప్పి చూసేదాకా మడత నలగకూడదు. మనసు పెట్టి చేశాడు మహానుభావుడు.

ఎక్కడెక్కడికి వెళ్లిందో చెప్పారు. గుడివాడ, తెనాలి, రేపల్లె, బందరు, ఏలూరు. నా థీసిస్ జిల్లాలు దాటింది, నేను పెడన దాటలేదు.

సెప్టెంబరు 28

రెండు పేజీలు దొరికాయి. కొట్లో మిగిలిపోయిన రెండు చీరల్లో. ఒకటి విషయసూచిక. రెండోది కృతజ్ఞతలు.

సెప్టెంబరు 30

మంచం మీదే ఉన్నాను. జ్వరం లేదు. ఉంటే బాగుండును.

నాన్న వచ్చి మంచం పక్కన కూర్చున్నారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "నలభై ఒకటి రాశావటగా. వెంకటప్పయ్య చెప్పాడు. నువ్వు పది దాటవనుకున్నా," అన్నారు. లేచి, "అయినా మాట మాటే," అని వెళ్లిపోయారు.

తిట్టి ఉంటే ఇంత ఏడుపు వచ్చేది కాదు.

అక్టోబరు 2

శివపార్వతి అంది: "మళ్లీ రాయొచ్చు కదండీ. తలలోనే ఉందిగా."

తలలో లేదు. అదే బాధ. తలలో తొమ్మిది అనే అంకె ఒకటే ఉంది. నాకు యూనివర్సిటీ మీద ఇంత ఆశ ఉందని ఈ వారంలోనే తెలిసింది. ఇంతవరకూ నాకున్నది నాలుగున్నరకు లేవటం మీద ఆశ ఒక్కటే అనుకున్నాను.

పకోడీలు చేయమన్నాను. మూడు కాఫీలు. పేకాట.

అక్టోబరు 4

మధ్యాహ్నం టపా. గుడివాడ ముద్ర. తెలియని దస్తూరీ. విప్పితే లోపల నా ఇరవై మూడో పేజీ, కింద నా స్టాంపు! దాంతోపాటు ఉత్తరం. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"మార్కండేయులు గారికి నమస్కారాలు. నేను గుడివాడ మిషన్ బడిలో టీచరును. నా పేరు మార్త. మొన్న కొనుక్కున్న నీలం చీర మడతలో ఈ కాగితం ఉంది. పొరపాటున వచ్చిందేమోనని పంపుతున్నాను.

మా తాతలదీ నేతపనే. పడుగు చేసేటప్పుడు మా అమ్మ దానమ్మ కూడా ఈ పాటే పాడేదట. మీరు రాసింది చదివి వినిపించాను. పాట తొమ్మిదితో ఆగటంలో సృష్టి రహస్యం ఉందని మీరు రాసిన చోట అమ్మ నవ్వింది. క్షమించండి, చాలాసేపు నవ్వింది. 'ఆ మహాతల్లి ఎవరో గానీ, అందరికీ పంచి తన పోగు మర్చిపోయింది,' అంది. పదోది ఇదట:

పదో పోగు పాడేదానికి.

అది పాడేటప్పుడు నూలు పట్టుకున్న చెయ్యి గుండెకు ఆనించుకునేవారట.

మరొక మనవి. మీ పేజీ 'దీనికి అసలు కారణం' అనే మాట దగ్గర ఆగిపోయింది. ఇరవై నాలుగో పేజీ ఏ చీరలో ఉందో తెలిస్తే రాయగలరు. స్టాఫ్ రూములో అందరం అడుగుతున్నాం."

పదిహేను పేజీల సిద్ధాంతం, నవగ్రహాలతో సహా, ఒక్క ఉత్తరం ముక్కకు కూలిపోయింది. కోపం రావాలి. రాలేదు. నా థీసిస్‌ను ఎవరో చదివారు! తర్వాత పేజీ అడిగారు!

అక్టోబరు 5, విజయదశమి

ముహూర్తం ఉదయం 9:20కి. స్నానం చేసి, కొత్త పంచె కట్టుకున్నాను. నాన్న కండువా వేసుకుని, గడియారం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. నాన్న ముహూర్తం దాటనివ్వగా నేను ఎప్పుడూ చూడలేదు.

"ఒక్క నిమిషం నాన్నా," అని నాయనమ్మ దగ్గరకు వెళ్లాను. ఉత్తరం చదివి వినిపించాను.

"పదో పోగు పాడేదానికి" అనగానే నాయనమ్మ చేతిలోని తమలపాకు కింద పడింది. లేచింది. పెరట్లోకి వెళ్లి మొదటి స్తంభం దగ్గర నిలబడి, మొదటి నుంచీ ఎత్తుకుంది. ఊరమ్మకి, రేవుకి, ముత్తవ్వకి. ఒక్కోదానికీ ఇటు నుంచి అటు. తోడికోడలి దగ్గర ఈసారి ఆగలేదు. పదోది పాడి, చెయ్యి గుండెకు ఆనించుకుని అలాగే నిలబడిపోయింది.

"నాదేరా అది," అంది. "నలభై ఏళ్ల నుంచీ ఎవరిదా, ఎవరిదా అని ఎతుకుతున్నా. నాదే."

శివపార్వతి కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, కారనిచ్చాను. నాకు సిగ్గు వేసింది. ఆ రోజు ఇంకోటుంది ఇంకోటుంది అంటూనే ఉంది. నా లెక్కకు తొమ్మిది చాలని నేను నోరు మూయించాను.

వెనక్కి తిరిగితే నాన్న. గడియారం జేబులో పెట్టేసుకున్నారు. తొమ్మిదిన్నర దాటింది.

"అమ్మా, ఇంకోసారి పాడవే," అన్నారు.

పది గంటల తర్వాత కొట్టుకు వెళ్లాం. ముహూర్తం లేని వేళ గద్దె మీద కూర్చున్నాను. మాట మాటే. కాసేపయ్యాక నాన్న, నా వైపు చూడకుండా, మూటలు సర్దుతూ అన్నారు: "ఆ గుడివాడ పంతులమ్మగారికి జవాబు రాశావా? రాయి. గద్దె మీద కూర్చుని రాయకూడదని నేనెప్పుడన్నా?"

అక్టోబరు 6, ఆదివారం. ఉదయం 6:40

లేచాను! (నాలుగున్నర అని రాద్దామనుకున్నాను. ఇక అబద్ధాలు రాయను.)

ఈ రోజు నుంచి నా జీవితం వేరు. ప్రొఫెసర్ గారికి కార్డు రాశాను: "సిద్ధాంతం తప్పని తేలింది. ఒక ఏడాది గడువు ఇవ్వగోరుతాను."

దినచర్య:
6:30 – లేవటం
7 నుంచి 8 – నాయనమ్మ చెప్పింది వినటం. అడ్డురాకుండా.
9 నుంచి 6 – గద్దె
బేరం లేనప్పుడల్లా – రాయటం

మిగిలిన స్టాంపు కాగితాలు ముక్కలుగా కోసి, స్టాంపు లేని ముక్కల కింద కూడా స్టాంపు వేశాను. ఒక్కోదాని మీద పాట పది పంక్తులూ రాసి, కింద ఇలా: "అమ్మా, మీ ఇంట్లో ఈ పాట వేరేగా పాడేవారా? పదకొండో పోగు ఉండేదా? దయచేసి కింది చిరునామాకు ఒక కార్డు రాయండి." ప్రతి చీర మడతలోనూ ఒకటి. ఈసారి రాసిన వైపు పైకి పెట్టమని వెంకటప్పయ్య గారికి మూడుసార్లు చెప్పాను. ఆయనకు నచ్చలేదు. "తెల్ల వైపే అందమండీ," అన్నారు. చివరికి ఒప్పుకున్నారు.

ఒక కాగితం నాయనమ్మకు చదివి వినిపించాను. శ్రద్ధగా విని, వేలు చూపించి హెచ్చరించింది.

"పదకొండోది రాసేవోడికని నువ్వే కట్టేసుకుంటావేమో, తోలు వలుస్తా! ఎవరన్నా చెబితేనే రాయి."

నిజం చెప్పాలంటే, నిన్న సాయంత్రమే కట్టేసుకున్నాను. కొట్టేశాను.

మొదటి పేజీ పూర్తయింది. ఇంకా తొంభై తొమ్మిది.